పరిగెత్తితేనే ఒళ్లు తగ్గుతుందా?

ఉప్పల్ స్టేడియంలో ఫాస్ట్ బౌలర్ చెమటతో తడిసిపోతాడు. నాచారం వీధుల్లో తాతయ్య గంటసేపు నింపాదిగా నడుస్తాడు. కొవ్వు కరిగేది ఎవరికి?

మన ఒంట్లో ఇంధనం ముఖ్యంగా రెండు రూపాల్లో ఉంటుంది. కండరాల్లో, కాలేయంలో ఉండే చక్కెర నిల్వ అమ్మ పోపులడబ్బాలో దాచిన చిల్లర లాంటిది. చేయి పెడితే దొరుకుతుంది. కొవ్వేమో బ్యాంకులో డబ్బు, తీయడానికి సమయం పడుతుంది. మెల్లగా నడిస్తే ఒళ్లు ఎక్కువ వంతు బ్యాంకు నుంచే తెచ్చుకుంటుంది. పరుగందుకుంటే అంత తీరిక ఉండదు, డబ్బా ఖాళీ చేస్తుంది.

అయితే నడకే మేలా? ఆగండి. ఖాళీ అయిన డబ్బాను మళ్లీ నింపాలిగా! తిన్న అన్నంలో కొంత అక్కడికే పోతుంది, ఆలోగా కొవ్వు ఖర్చవుతుంది. కాబట్టి రోజులు గడిచేకొద్దీ తిన్నదానికన్నా ఖర్చు ఎక్కువైందా అన్నదే అసలు లెక్క. నిమిషానికి చూస్తే పరుగు ఖర్చు మామూలు నడకకు రెట్టింపు పైనే. కానీ పది నిమిషాలకే ఆయాసంతో కూలబడితే, గంట నడిచిన తాతయ్యదే పైచేయి!

మరి చెమట? తూకంలో అది తగ్గించేది నీళ్లనే, తాగగానే తిరిగొస్తాయి.

పిల్లలూ, మీ వయసులో బరువు గొడవ వద్దు. రోజుకు 60 నిమిషాలు ఆడమంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. వారంలో కనీసం 3 రోజులు రొప్పేంత జోరుగా ఆడాలట, గుండెకూ ఎముకలకూ బలమని.