ముప్పావు గ్రాము తేడా

చేపలు పట్టే సరంజామాలో నన్ను అన్నిటికంటే కట్టిపడేసింది నీటి మీద తేలే లూర్, అంటే ఉత్తుత్తి ఎర. ఎరతో మునిగే గాలం ఏం చేస్తోందో మనకు కనపడదు, బెండు కదిలితే ఊహించుకోవడమే. తేలే లూర్ నడక, చప్పుడు, దాని మీదికి చేప ఎగబడే తీరు అన్నీ కళ్ళెదుటే జరుగుతాయి. దాని పొట్టలో దాగిన భౌతికశాస్త్రం కూడా అంతే బాహాటంగా బయటపడుతుంది.

ఒకసారి పరదరామి అనే ఊరి వైపు బళ్ళో పిల్లలకు ఆర్కిమెడీస్ సూత్రం చెబుతూ, సముద్రంలోంచి నదిలోకి వచ్చిన ఓడ ఇంకాస్త లోపలికి దిగుతుందన్నాను. ఓడల పక్కన ఉప్పునీటికి ఒక గీత, దానికి పైన మంచినీటికి ఇంకో గీత గీసి ఉంటాయని బోర్డు మీద బొమ్మ వేశాను. వెనక బెంచీలోంచి ఒకడు లేచాడు. "సార్, మా మామ మద్రాసు సముద్రంలో వంజరానికి వేసే లూర్ తెచ్చినాడు. దాన్ని మా చెరువులో కొరమీనుకు వేస్తే మునిగిపోతాదా?"

ఇంత చక్కటి ప్రశ్న పాఠ్యపుస్తకంలో ఎక్కడా లేదు. అమెరికాలో సముద్రపు లూర్లను మంచినీటి సరస్సుల్లో బాస్ చేపకు వాడేవాళ్ళకు ఎదురయ్యేదీ ఇదే ప్రశ్న. మన చెరువుల్లో బాస్ లేదు. దాని పని ఇక్కడ చేసేది కొరమీను. తామరాకుల నీడన మాటువేసి, పైన కప్ప కదిలితే చాలు, నీళ్ళు చీల్చుకుని వచ్చి నోట కరుచుకుంటుంది. గాలి పీల్చుకోవడానికి కూడా అది పైకి రావాల్సిందే. నీటిపైన ఆడే లూర్‌కు ఇంతకంటే తగిన చేప ఇంకోటి లేదని నా నమ్మకం.

ఈ లూర్ పుట్టుక గురించి అమెరికాలో ఒక కథ చెప్పుకుంటారు. మిషిగన్ రాష్ట్రంలోని డవాజియాక్ ఊళ్ళో జేమ్స్ హెడ్డన్ అనే తేనెటీగల పెంపకందారు మిల్లు చెరువు గట్టున స్నేహితుడి కోసం కాచుకుని ఉన్నాడు. ఊసుపోక చెక్కుతున్న కర్రముక్కను నీళ్ళలోకి విసిరితే ఒక బాస్ దాన్ని ఎగరగొట్టిందట. కథలో నిజమెంతైనా, హెడ్డన్ మొదట్లో చెక్కినవి కప్పలే, ఆ ఊరు లూర్ల ఊరైన మాటా నిజం. ఆ కంపెనీ 1920లలో చుట్ట ఆకారంలో ఒక కొయ్య లూర్ తెచ్చి, 1939లో దాన్నే ప్లాస్టిక్‌లో పోసి 'జారా స్పూక్' అంది. దానికి రెక్కల్లేవు, ముందు పలక లేదు, తిరిగే చక్రం లేదు. అయినా నీటి మీద కుడికీ ఎడమకీ వంకర్లు పోతూ నడుస్తుంది. ఎలా నడుస్తుందన్నదే అసలు సంగతి.

దాని తోకలో బరువుంది కాబట్టి కదలకుండా ఉన్నప్పుడు తోక కిందికి, ముక్కు పైకి పెట్టి ఏటవాలుగా తేలుతుంది. దారం కట్టే రింగు ముక్కు కొసన ఉండదు, గడ్డం కింద ఉంటుంది. దారాన్ని చిన్నగా గుంజి వెంటనే వదులు చేస్తే లూర్ ముందుకు జారుతుంది. పొడవాటి వస్తువు నీటిలో కొంచెం ఏటవాలుగా సాగితే, దాన్ని ఇంకా అడ్డంగా తిప్పేయాలని నీరు చూస్తుంది. మ్యాక్స్ మంక్ అనే శాస్త్రవేత్త 1924లో ఆకాశనౌకల గురించి లెక్కగట్టింది ఈ గుణాన్నే. దారం బిగువుగా ఉంటే ఆ తిరుగుడు ఆగిపోతుంది. వదులుగా ఉంటే లూర్ ఒక పక్కకు పూర్తిగా మళ్ళుతుంది. రెండో గుంజుకి దారం ముక్కును వెనక్కి లాగుతుంది, లూర్ అవతలి పక్కకు మళ్ళుతుంది. నడిపించేది గుంజుడు ఎంతో, గుంజుకీ గుంజుకీ మధ్య ఇచ్చే వదులూ అంతే. కొత్తవాళ్ళ చేతిలో లూర్ చచ్చిన కర్రలా తిన్నగా వచ్చేస్తుంటే, వాళ్ళు దారాన్ని వదలడం లేదనే అర్థం.

ఇప్పుడు ఆ పిల్లవాడి ప్రశ్నకు వద్దాం. సముద్రపు నీరు మంచినీటికంటే రమారమి రెండున్నర శాతం బరువు. 30 గ్రాముల లూర్ తేలాలంటే 30 గ్రాముల నీటిని పక్కకు నెట్టాలి. సముద్రంలో అందుకు దాదాపు 29.3 మిల్లీలీటర్లు చాలు. చెరువులో పూర్తిగా 30 కావాలి. అంటే తేడా 0.7 మిల్లీలీటర్లు. ఇంత చిన్న అంకె ఏం చేస్తుందిలే అనిపిస్తుంది. కానీ చూడాల్సింది మునిగిన భాగాన్ని కాదు, నీటిపైన మిగిలిన భాగాన్ని. లూర్ మొత్తం ఘనపరిమాణం 36 మిల్లీలీటర్లయితే, సముద్రంలో 6.7 పైన ఉంటుంది, చెరువులో 6. పదో వంతు పోయింది, దానికి పట్టింపు లేదు. అదే 31 మిల్లీలీటర్ల లూర్ అయితే 1.7 కాస్తా 1కి పడిపోతుంది. పైన తేలే భాగంలో నాలుగు పదుల శాతం మాయం! ఇక 29.6 మిల్లీలీటర్లదైతే సముద్రంలో తేలుతుంది, చెరువులో అడుగుకు చేరుతుంది. కాబట్టి పిల్లవాడికి అవునని గానీ కాదని గానీ చెప్పలేం. అది ఎంత బొటాబొటిగా తేలుతోంది అని తిరిగి అడగాలి.

తోక బరువు లూర్‌లో ఇంకో చిక్కుంది. మంచినీటిలో ఆ తోకకు ఆసరా తగ్గుతుంది, లూర్ ఇంకా నిటారుగా వేలాడుతుంది. నిటారుగా ఉన్నది జారదు, అక్కడే తలూపుతుంది. వంజరానికి ఇది పనికిరాదు, అది పరుగెత్తే ఎరను తరిమే చేప. తామరాకుల మధ్య జానెడు ఖాళీలో కొరమీనును రేపాలంటే మాత్రం నిలిచినచోటే తలూపే లూర్ నాకు ఇష్టమే.

నడకే కావాలంటే మందు తేలిక. సముద్రపు లూర్లకు ఉప్పు తినేయకుండా, పెద్ద చేప వంచేయకుండా లావుపాటి మూడుమొనల గాలాలు వేస్తారు. వెనక గాలాన్ని విప్పి ముప్పావు గ్రాము తేలికైనది వేస్తే, ఉప్పు తీసుకుపోయిన తేలికదనం దాదాపు తిరిగొస్తుంది. బరువు తోకలో తగ్గింది కాబట్టి వాలు కూడా సర్దుకుంటుంది. దీన్ని ఇంట్లోనే చూడొచ్చు. ఒక బకెట్లో 10 లీటర్ల మంచినీళ్ళు, ఇంకోదాంట్లో అన్నే నీళ్ళు పోసి 350 గ్రాముల ఉప్పు కలపండి. బంగాళాఖాతం మీ పెరట్లో ఉన్నట్టే. పిల్లలు ఒకే లూర్‌ను ఈ బకెట్లోంచి ఆ బకెట్లోకి మారుస్తూ నీటిగీతను పెన్సిల్‌తో గుర్తుపెడుతుంటే, ఆర్కిమెడీస్‌కు ఇంతకంటే మంచి ప్రయోగశాల నాకు దొరకలేదు.

తేలే లూర్లలోనే పాపర్ అనే ఇంకో రకం ఉంది, దాని మూతి గుంటగా ఉంటుంది. గుంజితే నీటిని ముందుకు తోస్తూ గాలిని కిందికి ఈడ్చుకుపోతుంది. ఆ "బుడుంగ్" శబ్దం చేసేది కొయ్య కాదు, చిక్కుకున్న గాలిబుడగ. 1933లో మార్సెల్ మిన్నార్ట్ దాని లెక్క తేల్చాడు: బుడగ ఎంత పెద్దదైతే స్వరం అంత మంద్రం. ఒక సెంటీమీటరు వ్యాసార్ధమున్న బుడగ సుమారు 326 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, ఒక మిల్లీమీటరుది 3,260 దగ్గర. బాస్ లాంటి చేపలకు బాగా వినబడేది కొన్ని వందల హెర్ట్జ్ దాకానే. సముద్రపు పాపర్‌కు మూతి పెద్దది, బుడగ పెద్దది, కాబట్టి చేపకు వినబడే స్వరమే పలుకుతుంది. అలల హోరులో అంత చప్పుడు అవసరం. కదలని చెరువులో అదే చప్పుడు చేపను బెదరగొట్టొచ్చు, చెయ్యి తేలిక చేయాలి.

మిగతా చరిత్ర త్వరగా చెప్పేస్తాను. చెరువులో పుట్టిన జారా స్పూక్‌ను ఫ్లోరిడా తీరంలో సముద్రపు చేపలకు వాడారు, గాలాలు గట్టిపడ్డాయి, ఒళ్ళు పెరిగింది. అలా పెరిగిన వాటినే ఇప్పుడు మళ్ళీ చెరువుల్లోకి తెస్తున్నారు. 1950లలో అమెరికాలోనే హ్యారీ ఎలర్స్ లోపల బోలుగా ఉండే మెత్తటి కప్పను తయారుచేశాడు. రెండు మొనలూ దాని వీపుకి ఆనుకుని ఉంటాయి కాబట్టి నాచు తగులుకోదు. చేప కొరికితే ఒళ్ళు నొక్కుకుపోయి మొనలు బయటపడతాయి. మన కొరమీనుకు ఇదే తగినది. మూడుమొనల గాలం తామరతూళ్ళలో పడితే చేపకంటే తూళ్ళే ఎక్కువ వస్తాయి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. నీటిపైన ఎర్రటి కొరమీను పిల్లల గుంపు కదులుతుంటే దాని కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. అప్పుడు లూర్ మీద విరుచుకుపడేది ఆకలితో కాదు. ఆ జంటను పట్టేస్తే పిల్లలన్నీ మిగతా చేపల పాలే. అక్కడ విసరకండి. చెరువు పాట పాడుకున్నవాళ్ళను అడగకుండా కూడా గట్టెక్కకండి.

మళ్ళీ ఆ బోలు కప్ప దగ్గరికి వస్తే, దానికి ఉప్పునీరైనా మంచినీరైనా ఒకటే. 14 గ్రాముల కప్పకు ఆ రెంటి మధ్య తేడా 0.35 మిల్లీలీటర్లు మాత్రమే, దాని లోపలి గాలి ముందు అది లెక్కలోకి రాదు. దాని గొడవ వేరే. మొనలు బయటికొచ్చే సందుల్లోంచి నీళ్ళు లోపలికి పోతాయి. ఒక చెంచాడు చేరితే 5 మిల్లీలీటర్ల తేలికదనం పోయినట్టే. ఉప్పు చేసే తేడాకు అది పద్నాలుగు రెట్లు. అందుకే నాలుగైదు విసుర్లకోసారి కప్పను దగ్గరికి లాక్కుని, ఆ సందులు కిందికి పెట్టి, పొట్ట గట్టిగా నొక్కి నీళ్ళు పిండెయ్యాలి.