మీకు తెలుసా? పేరు ఇంటర్నేషనల్, మరి చివరి పరీక్ష ఎవరిది?

గోదావరిఖని దగ్గరి యైటింక్లయిన్ కాలనీకి ఆ పేరు ఎట్లా వచ్చిందో అక్కడ పుట్టిన వాళ్లకు చెప్పనక్కర్లేదు. అది ఎనిమిదో నంబరు ఇంక్లయిన్ బొగ్గు బాయి పక్కన వెలసింది. 'ఎయిట్ ఇంక్లయిన్' కార్మికుల నోట నలిగి యైటింక్లయిన్ అయింది. ఈ నడుమ మన ఊళ్లలో బడి బస్సుల మీద ఇంకో ఇంగ్లీషు మాట ఎక్కువ కనబడుతోంది: ఇంటర్నేషనల్. ఆ మాట పేరులో ఉన్నంత మాత్రాన లోపల విదేశీ చదువు ఉన్నట్టు కాదు. పన్నెండో తరగతి చివర పిల్లలు రాసే పరీక్ష ఎవరిదో చూడాలి. అది సీబీఎస్ఈదో ఇంటర్ బోర్డుదో అయితే ఆ బడి చదువు మన దేశపు చదువే. అందులో తక్కువేమీ లేదు, కానీ ఫీజు కట్టే ముందు తెలిసి ఉండాలి.

నిజంగా విదేశీ చదువు చెప్పే బడుల్లో మన దగ్గర ఎక్కువగా వినబడే పేర్లు రెండు. ఒకటి ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్ వారిది. అందులో పదో తరగతికి ఐజీసీఎస్ఈ, పన్నెండుకు ఏ లెవెల్. రెండోది ఇంటర్నేషనల్ బాకలారియేట్, వాడుకలో ఐబీ. 1968లో జెనీవాలో మొదలైంది. ఐబీ డిప్లొమాలో విద్యార్థి ఆరు సబ్జెక్టులు తీసుకుంటాడు. ఒక్కోదానికి గరిష్ఠంగా 7 చొప్పున 42 పాయింట్లు. నాలుగు వేల మాటలకు మించని పరిశోధన వ్యాసం, జ్ఞాన సిద్ధాంతం అనే పాఠం, ఈ రెండూ కలిపి మరో 3. మొత్తం 45. ఉత్తీర్ణతకు కనీసం 24 రావాలి. ఇంకొకటి నాకు బాగా నచ్చింది: బడిలో ఆ భాష చెప్పే పంతులు లేకపోయినా, బడి అండతో తల్లిభాష సాహిత్యాన్ని సొంతంగా చదివి పరీక్ష రాసే దారి కూడా ఐబీలో ఉంది.

కేంబ్రిడ్జ్ మనకు కొత్తదేమీ కాదు. నిజాం కాలంలోనే హైదరాబాద్ పెద్దింటి పిల్లలు సీనియర్ కేంబ్రిడ్జ్ పరీక్ష రాశారు. 1923లో జాగీర్దార్ల పిల్లల కోసం పెట్టిన కళాశాలే నేటి హైదరాబాద్ పబ్లిక్ స్కూల్. ఆ కేంబ్రిడ్జ్ పరీక్ష స్థానంలో మన దేశానికి సొంత పరీక్ష ఉండాలని 1958లో ఏర్పడిన మండలే ఇవాళ ఐసీఎస్ఈ నడుపుతోంది. ఆ తర్వాతి కథ పటాన్‌చెరులో మొదలైంది. 1972లో అక్కడ ఇక్రిశాట్ వెలసింది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగల మీద పరిశోధనకు దేశదేశాల నుంచి శాస్త్రవేత్తలు వచ్చారు. వాళ్ల పిల్లల చదువు అవసరం నుంచే ఆ ప్రాంగణంలో ఇంటర్నేషనల్ స్కూల్ ఆఫ్ హైదరాబాద్ పెరిగింది.

ఆ తర్వాత నగరంలో అలాంటి బడులు చాలా వచ్చాయి. వాటిలో మన పాఠకులు గుర్తుపెట్టుకోవాల్సింది మహేశ్వరం వైపు వంద ఎకరాల్లో 2011లో మొదలైన ఆగాఖాన్ అకాడమీ. ఐబీ చదువు చెబుతుంది. ప్రతిభ ఉండి స్థోమత లేని పిల్లలకు ఆర్థిక సాయం చేస్తుంది. బాయి కార్మికుడి బిడ్డకు ఐబీ అందని పండు అనుకునే ముందు ఆ తలుపు తట్టి చూడాలి.

ప్రభుత్వ బడికి ఐబీ రావడం దాదాపు జరిగింది కూడా. 2024 జనవరి 31న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఐబీతో ఒప్పందం చేసుకుంది. ఆ జూన్‌లో ప్రభుత్వం మారింది, ఆ చదువు తరగతి గదుల దాకా చేరలేదు.

మరి ఈ విదేశీ పట్టాతో ఇక్కడి కాలేజీల్లో సీటు వస్తుందా? వస్తుంది. భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం ఐబీ డిప్లొమానూ ఏ లెవెల్‌నూ పన్నెండో తరగతితో సమానంగా గుర్తిస్తుంది. చిక్కంతా సబ్జెక్టుల ఎంపికలో ఉంది. గోదావరిఖనిలో ఎక్కువ ఇళ్లలో ఆశ డాక్టరు చదువు మీదే ఉంటుంది. నీట్‌కు ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ కావాలి. ఐబీ మామూలు నిబంధనల్లో మూడు సైన్సులు ఇమడవు. బడి ముందే ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాలి. పదకొండో తరగతిలో ఈ ఒక్క సంగతి అడగకపోతే రెండేళ్ల కష్టం వృథా కావచ్చు. ఇంకో చిక్కు కాలానిది. విదేశీ పరీక్షల ఫలితాలు సాధారణంగా జూలై, ఆగస్టుల్లో వస్తాయి. అప్పటికి మన కౌన్సెలింగ్‌లు నడుస్తుంటాయి. అందుకే కేంబ్రిడ్జ్ వాళ్లు భారతదేశం కోసమే మార్చిలో విడిగా పరీక్షలు పెడుతున్నారు.

విదేశం వెళ్లాలంటే విదేశీ పట్టాయే కావాలా? అక్కర్లేదు. జర్మనీలో డిగ్రీలో చేరాలంటే మన ఇంటర్ ఒక్కటే చాలదు గానీ, జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో అర్హత సాధించిన వాళ్లకు ఇంజినీరింగు వంటి కోర్సుల్లో నేరుగా చేరే దారి ఉంది. మన దగ్గర డిగ్రీ చేసి పీజీకి వెళ్లే ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు జ్యోతిబా ఫూలే పథకం ఉన్నాయి. 20 లక్షల రూపాయల దాకా సాయం. లక్షల ఫీజుల బడి అవసరం లేకుండానే చాలామంది ఈ దారిన వెళ్లారు. నా మాటగా చెబుతున్నాను: పీఎఫ్ డబ్బు పదో తరగతి లోపలే ఖర్చు పెట్టకండి, ఆ తర్వాతి చదువుకు దాచండి.

ఇంకొక్కటి. ఐబీ చదువు చెబుతామనే బడి వెబ్‌సైటులో 'క్యాండిడేట్ స్కూల్' అని ఉంటే దానికి ఇంకా గుర్తింపు రాలేదని అర్థం. గుర్తింపు వచ్చిన బడుల పేర్లు ఐబీ, కేంబ్రిడ్జ్ సంస్థల వెబ్‌సైట్లలో ఉంటాయి. రశీదు చేతికి తీసుకునే ముందు మీ బడి పేరు అక్కడ ఉందో లేదో మీరే చూసుకోండి.