ఫారం మారితే జాతి మారింది

అమెరికా జనాభా లెక్కల్లో ఒకటికి మించిన జాతుల వారిగా తేలినవారు 2010లో 90 లక్షలు. 2020లో 3 కోట్ల 38 లక్షలు. అంటే 276 శాతం పెరుగుదల. జనాభాలో వారి వాటా 2.9 శాతం నుంచి 10.2 శాతానికి చేరింది. పదేళ్లలో అంతమంది పుట్టలేదు, అంతమంది వలసా రాలేదు.

ఎక్కువమంది ఈ లెక్కలోకి వచ్చింది ఫారం, నమోదు పద్ధతి మారడం వల్లే. 2020లో 'తెల్లవారు', 'నల్లవారు' గడుల కింద మూలాలు రాసేందుకు కొత్తగా ఖాళీ ఇచ్చారు. అంతకుముందు జవాబులో 30 అక్షరాలే నమోదు చేసేవారు, ఈసారి 200 దాకా తీసుకున్నారు. 'తెల్లవారు' దగ్గర టిక్కు పెట్టి కింద మెక్సికన్ అని రాసినవారిని 'తెల్లవారు, మరో జాతి' ఖాతాలో వేశారు. మొత్తం పెరుగుదల 2 కోట్ల 48 లక్షలైతే, ఈ ఒక్క జంట ఖాతాలోనే 1 కోటి 76 లక్షలు చేరారు. పదింట ఏడు వంతులన్నమాట! ఈ ఉప్పెన చాలావరకు కల్పితమని ప్రిన్స్‌టన్ సామాజిక శాస్త్రవేత్తలు పాల్ స్టార్, క్రిస్టినా పావో 2024లో వాదించారు. నాకు వారి వాదన బలమైనదనిపిస్తుంది.

అయితే తప్పంతా ఫారానిదే కాదు, మనుషుల జవాబులూ మారతాయి. మిన్నెసోటా విశ్వవిద్యాలయ సామాజిక శాస్త్రవేత్త కెరొలిన్ లీబ్లర్ మిశ్రమ జాతుల గుర్తింపును, అమెరికా ఆదివాసుల గుర్తింపును ఏళ్లుగా పరిశోధిస్తున్నారు. జనాభా లెక్కల సంస్థ పరిశోధకులతో కలిసి ఆమె 16 కోట్ల 20 లక్షల మంది 2000 నాటి జవాబులను 2010 నాటి జవాబులతో జతచేసి చూశారు. 98 లక్షల మంది, అంటే 6 శాతం, జాతి లేదా హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల) మూలం విషయంలో వేరే జవాబిచ్చారు. హిస్పానిక్ కాని తెల్లవారు, నల్లవారు, ఆసియన్లు దాదాపు మారలేదు. ఎక్కువగా మారినవారు హిస్పానిక్‌లు, ఆదివాసులు, ఒకటికి మించిన జాతులు చెప్పుకున్నవారు. వీరిని అబద్ధాలకోరులనడం అన్యాయం. కొందరికి చిన్నప్పుడు ఫారం నింపింది అమ్మానాన్నలు. పెద్దయ్యాక సొంతంగా నింపేటప్పుడు జవాబు వేరైనా ఆశ్చర్యం లేదు.

నేపథ్యం ఒకటి, గుర్తింపు మరొకటి కావచ్చు. ప్యూ పరిశోధన సంస్థ 2015లో తల్లిదండ్రులు, తాతలు, అమ్మమ్మ నానమ్మల జాతులను కూడా కలిపి లెక్కిస్తే వయోజనుల్లో 6.9 శాతం మిశ్రమ నేపథ్యం వారని తేలింది. వారిలో 61 శాతం మంది తమను మిశ్రమ జాతి వారిగా భావించడం లేదు.

అమెరికాలోని భారతీయులకూ ఇది కొత్త కాదు. 1920 నుంచి 1940 దాకా వారిని 'హిందూ' అనే జాతిగా రాశారు, 1970లో తెల్లవారిలో కలిపారు, 1980లో 'ఏషియన్ ఇండియన్' అని విడిగా గడి పెట్టారు.

ఎన్నికల నియోజకవర్గాల హద్దులు గీసేది ఈ అంకెలతోనే. మైనారిటీల ఓటు బలం తగ్గిందా లేదా అని తేల్చేటప్పుడు కోర్టులు వీటినీ చూస్తాయి. అందుకే 2010, 2020 అంకెలను పక్కపక్కన పెట్టేవారు ముందు ఆ రెండు ఫారాలనూ, జవాబులను వర్గీకరించిన నియమాలనూ పోల్చాలి.