ఓరుగల్లు మట్టికోట

లక్సెట్టిపేట సోదరీమణులు మంచిర్యాలలో రైలెక్కితే పొద్దున వరంగల్లు వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చు. వెళ్లినవాళ్లందరూ కోటలో తోరణాలూ, రాతిగోడా చూసి వచ్చేస్తారు. దారిలో దాటిన ఆ పొడుగాటి మట్టిదిబ్బ కూడా కోటేనంటే నమ్మరు!

అది రుద్రమదేవి కాలంలో లేచిన మట్టికోట. రాతికోట చుట్టూ గుండ్రంగా, ఈ కొస నుంచి ఆ కొసకు సుమారు 2.4 కిలోమీటర్లు. పెరట్లో గొయ్యి తవ్వి, ఆ మన్నుతోనే అరుగు ఎత్తు చేసుకోమూ? అలాగే కందకం తవ్విన మట్టే గోడయింది. దెబ్బ తగిలితే రాతిగోడ అతుకుల దగ్గర సడలుతుంది. గట్టిపడిన మట్టికి అతుకులెక్కడివి? 1310 నాటి ముట్టడిలో మాలిక్ కాఫర్ సేన విసిరిన రాతిగుండ్లకు కూడా ఈ గోడ లొంగేది కాదన్నట్టే అమీర్ ఖుస్రో రాశాడు. శత్రువు మెచ్చుకోలు మరి! చివరికి మట్టికోట చేజారాకే, లోపలి రాతికోటలో చిక్కుకున్న ప్రతాపరుద్రుడు సంధికి ఒప్పుకున్నాడు.

గోడకు ఇప్పుడు శత్రువు వాన. పైన గడ్డి వేళ్లే మట్టిని పట్టి ఉంచుతాయి. అందుకని పిల్లల్ని ఆ వాలు మీద జారుడుబండ ఆడనివ్వకండి. కాలిబాట ఉన్నచోటే ఎక్కించండి. పైనుంచి చూస్తే కందకం పల్లం ఎటు తిరిగిందో వాళ్లే చూపిస్తారు.