సొమ్ము ముందా.. సంతకం ముందా?

విదేశాల్లో వారసులు.. బళ్లారిలో ఇల్లు
అమ్మకంలో ఏమరుపాటు తగదు

బళ్లారి: కొడుకు అమెరికాలో.. అమ్మానాన్న కట్టించిన ఇల్లు బళ్లారిలో. తాళం పడి ఏళ్లవుతోంది. అమ్మేద్దామంటే సవాలక్ష సందేహాలు. డబ్బు అందకముందే సంతకం పెడితే ఎలా? సంతకం పడకముందే డబ్బిచ్చేస్తే ఎలా? అమ్మేవారికో భయం, కొనేవారికో భయం.

అమెరికాలో ఫ్లాటు అమ్మేవారికి ఈ బెంగ తక్కువ. అక్కడ ‘ఎస్క్రో’ పద్ధతి ఉంది. కొనేవారి సొమ్మును టైటిల్ కంపెనీయో, న్యాయవాదో మధ్యవర్తిగా తమ ఖాతాలో ఉంచుకుంటారు. ఫ్లాటుపై అప్పు, నివాసుల సంఘం బకాయిలు అందులోంచే తీరుస్తారు. సంతకాలన్నీ పూర్తయ్యాకే మిగతాది అమ్మినవారికి చేరుతుంది. అమ్మేది విదేశీయులైతే సాధారణంగా ధరలో 15 శాతం అక్కడి పన్ను శాఖకు జమ చేస్తారు.

మన దగ్గర ఆ మధ్యవర్తి లేడు. సబ్‌రిజిస్ట్రార్ పత్రాన్ని నమోదు చేస్తారే తప్ప సొమ్ము ముట్టిందా, హక్కు సరైనదేనా అన్నదానికి పూచీ ఉండరు. జాగ్రత్తంతా ఇరుపక్షాలదే.

సంతకం నాడే సొమ్ము

అగ్రిమెంటు రాసుకున్నంత మాత్రాన ఇల్లు చేతులు మారదు. రిజిస్టరైన క్రయపత్రంతోనే హక్కు వస్తుంది. జీపీఏ, అగ్రిమెంటు కాగితాలతో యాజమాన్యం రాదని 2011లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. అమ్మేవారికీ ఓ హెచ్చరిక ఉంది. ధర పూర్తిగా ముట్టలేదన్న ఒక్క కారణంతో రిజిస్టరైన అమ్మకం రద్దుకాదని, బాకీ కోసం దావా వేసుకోవాల్సిందేనని 2020లో అదే కోర్టు స్పష్టం చేసింది. ‘తర్వాత ఇస్తాలే’ అన్న మాట నమ్మి సంతకం పెడితే ఇల్లు పోయినట్టే, కోర్టు మెట్లు మిగిలినట్టే.

అందుకే అడ్వాన్సు కొంత పోగా మిగతా మొత్తం రిజిస్ట్రేషన్ రోజే డీడీగానో, బ్యాంకు బదిలీగానో తీసుకోవాలి. ఆ వివరాలు క్రయపత్రంలో రాయించాలి. 20 వేలు, అంతకుమించి నగదుగా పుచ్చుకుంటే అంతే మొత్తం జరిమానా పడొచ్చు.

సరిహద్దు తిరకాసు

1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వెళ్లాయి. అటూ ఇటూ ఆస్తులున్న కుటుంబాలకు కాగితాలు కూడా రెండు రకాలే. అక్కడ అడంగల్, 1బి.. ఇక్కడ పహణి. బళ్లారి నగరంలో ఇంటికి ఈ-ఖాతా ఉండాలి. అది ఇంకా నాన్న పేరునే ఉంటే ముందు వారసుల పేరుకు మార్పించుకోవాలి. కర్ణాటకలో రిజిస్ట్రేషన్ రుసుము 2025 ఆగస్టు 31 నుంచి ఒక శాతం కాస్తా రెండు శాతమైంది. స్టాంపు డ్యూటీ దీనికి అదనం.

రాలేనివారు పవరాఫ్ అటార్నీ ఇవ్వొచ్చు. అక్కడి భారత కాన్సులేట్‌లో గానీ, నోటరీ ఎదుట గానీ దాన్ని ధ్రువీకరింపజేయాలి. ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి.

పన్ను మరిస్తే కొన్నవారికే చిక్కు

అమ్మేవారు ఇక్కడే ఉంటే, ధర 50 లక్షలు, ఆపైన అయినప్పుడు కొనేవారు ఒక శాతం పన్ను మినహాయించి కట్టాలి. అమ్మేది ప్రవాసులైతే ఈ లెక్క చెల్లదు. 50 లక్షల పరిమితీ వర్తించదు. రెండేళ్లకు మించి చేతిలో ఉన్న ఆస్తికి 2024 జులై 23 నుంచి లాభంపై పన్ను 12.5 శాతం. సర్‌ఛార్జి, సెస్సు అదనం. ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ కోతకు ముందే ధ్రువపత్రం తెచ్చుకోకుంటే మొత్తం ధరపై కోత పడే ప్రమాదముంది. కొనేవారు ఒక్క శాతమే పట్టుకుని ఊరుకుంటే నోటీసు వచ్చేది వారికే.

మిగిలిన సొమ్ము ప్రవాసుల ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో పడుతుంది. పన్ను కట్టినట్టు చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువపత్రంతో ఏడాదికి 10 లక్షల డాలర్ల వరకు విదేశానికి పంపుకోవచ్చు. వారసత్వంగా వచ్చిన పొలమైతే దేశంలో ఉంటున్నవారికే అమ్మాలి. బేరం కుదుర్చుకునే ముందే అమ్మేవారు ప్రవాసులా, స్థానికులా అని అడిగి తెలుసుకుంటే సగం చిక్కు తీరినట్టే.