అంకెలతో నడిచే ఉలి

తెలుగు పట్టణాల్లో ఫర్నిచర్ దుకాణాలున్న వీధుల్లో ఇప్పుడు ‘సీఎన్‌సీ కటింగ్’ అనే బోర్డులు మామూలైపోయాయి. దేవుడి గది తలుపు మీది తామరపువ్వు, హాల్లో అడ్డుగా పెట్టే జాలీ పలక చాలావరకు కంప్యూటర్ ఆజ్ఞలతో కదిలే రౌటర్ కోసినవే. అదే యంత్రం బల్ల మీద పట్టేంత చిన్నదై, సరదాగా చెక్కపని నేర్చుకోవాలనుకునేవారి ఇళ్లకూ చేరింది. బొమ్మ గీసి బటన్ నొక్కితే చాలు, మిగతాది యంత్రమే చూసుకుంటుందన్న నమ్మకంతోనే చాలామంది దాన్ని కొంటారు. ఆ నమ్మకంలో సగమే నిజం. యంత్రం మన చేతి శ్రమను తీసుకుంటుంది గానీ పనితనం బరువును మాత్రం మన మీదే ఉంచుతుంది. చేయి చూపాల్సిన నేర్పును కోత మొదలుకాకముందే బుర్ర చూపాలి. ఈ యంత్రం పుట్టుకను తరచి చూసినా, కొత్తవాళ్లు ఎక్కడ తడబడతారో గమనించినా తేలే సంగతి ఇదే.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ట్రావర్స్ సిటీలో జాన్ పార్సన్స్ 1940లలో హెలికాప్టర్ రెక్కలు తయారు చేయించేవాడు. రెక్క అడ్డుకోత ఆకారం సరిగ్గా ఉందో లేదో చూడటానికి లోహపు అచ్చులు కావాలి. ఆ వంపును చేతి అంచనాతో కోస్తే తేడాలు వచ్చేవి. పార్సన్స్ దగ్గర పనిచేసే ఇంజినీరు ఫ్రాంక్ స్టూలెన్ ఐబీఎం పంచ్‌కార్డు యంత్రాలతో ఆ వంపు మీద 200 బిందువుల స్థానాలు లెక్కగట్టించాడు. ఆ అంకెలను ఒకరు పైకి చదువుతుంటే, మిల్లింగ్ యంత్రం దగ్గర ఒకరు అడ్డంగా నడిపే చక్రాన్ని, మరొకరు నిలువుగా నడిపే చక్రాన్ని తిప్పేవారు. బిందువుకూ బిందువుకూ మధ్య మిగిలిన గరుకును ఆకురాయితో నునుపు చేసేవారు. ఆ చక్రాలను మోటార్లే తిప్పి, అంకెలను యంత్రమే చదువుకుంటే ఎలా ఉంటుందన్న ఆలోచన అక్కడే మొలకెత్తింది. 1949లో అమెరికా వైమానిక దళం అందుకు డబ్బిచ్చింది. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలోని సర్వోమెకానిజమ్స్ ప్రయోగశాల 1952లో కాగితపు టేపు చదివి మూడు దిక్కుల్లో కదిలే మిల్లింగ్ యంత్రాన్ని ప్రదర్శించింది. దాని నియంత్రణ భాగంలో దాదాపు 300 వాక్యూమ్ ట్యూబులు ఉండేవి. పార్సన్స్, స్టూలెన్‌ల పేటెంటు 1958లో మంజూరైంది.

ఆ రోజుల్లో మరో దారి కూడా ఉండేది. అనుభవమున్న కార్మికుడు మొదటి వస్తువును చేత్తో చేస్తుంటే అతని కదలికలను మాగ్నెటిక్ టేపు మీద రికార్డు చేసి, తర్వాత యంత్రం చేత మళ్లీ అలాగే చేయించే పద్ధతి అది. ఆ దారి మూలపడి అంకెల దారే నిలవడానికి సాంకేతిక కారణాలు మాత్రమే లేవని, పనిమీద అదుపును కార్మికుడి చేతుల్లోంచి ఆఫీసు గదికి మార్చాలన్న యాజమాన్యాల కోరిక కూడా ఉందని చరిత్రకారుడు డేవిడ్ నోబుల్ 1984లో వచ్చిన ‘ఫోర్సెస్ ఆఫ్ ప్రొడక్షన్’ పుస్తకంలో వాదించాడు. రికార్డు చేసిన టేపులో మనిషి నేర్పు ఉన్నదున్నట్టు నిలిచేది. అంకెల టేపులోకి నేర్పును ఎవరో ఒకరు ముందే ఆలోచించి ఎక్కించాలి. ఫ్యాక్టరీలో ఆ పని ప్రోగ్రామర్‌కూ యంత్రం నడిపేవాడికీ మధ్య పంపకమైంది. ఇంట్లో యంత్రం పెట్టుకున్నవాడికి ఆ పంపకం లేదు. ప్రోగ్రామర్, ఫోర్‌మన్, మెషినిస్టు అన్నీ తానే.

అంత ఖరీదైన యంత్రం ఇంటికి ఎలా వచ్చిందో తెలిస్తే నేర్చుకునేవాడి బాధ్యత ఎందుకు పెరిగిందో అర్థమవుతుంది. నార్వేకు చెందిన సిమెన్ స్వాలె స్కోగ్స్‌రుడ్ 2009లో గ్రబుల్ అనే ఉచిత ప్రోగ్రామ్ రాశాడు. ఫ్యాక్టరీ యంత్రాల భాష అయిన జీ-కోడ్‌ను చదివి మోటార్లను నడిపే పనిని అది ఆర్డునో అనే చిన్న సర్క్యూట్ బోర్డులోని 32 కిలోబైట్ల మెమరీలో ఇమిడ్చింది. 30 సెంటీమీటర్ల పొడవు, 18 సెంటీమీటర్ల వెడల్పు మేర కోయగల ‘3018’ రకం చిన్న యంత్రాలు ఎక్కువగా దీనిమీదే నడుస్తాయి. ధర తగ్గించడానికి వదులుకున్నది ఒకటుంది. ప్రయోగశాలలో పుట్టిన తొలి యంత్రం తాను ఎక్కడున్నదో కొలిచి సరిచూసుకునేది. ఈ చిన్న యంత్రంలోని స్టెప్పర్ మోటారు కళ్లకు గంతలు కట్టుకుని అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచే మనిషి లాంటిది. చుట్టుకు 200 అడుగులు, ఒక్కో అడుగుకు 16 సూక్ష్మ అడుగులు, ఒక్క చుట్టుకు 4 మిల్లీమీటర్లు జరిపే మరసీల. అంటే మిల్లీమీటరుకు 800 సూక్ష్మ అడుగులు. చెక్కను కోసే మొన అయిన బిట్ అందులో ఇరుక్కుని కొన్ని అడుగులు తప్పినా దానికి తెలియదు. తప్పిన చోటినుంచే మిగతా బొమ్మంతా పక్కకు జరిపి కోసుకుంటూ పోతుంది.

అందుకే మొదట నేర్చుకోవాల్సింది సున్నా పెట్టడం. బొమ్మ ఎక్కడ మొదలవ్వాలో, చెక్క పైతలం ఎంత ఎత్తులో ఉందో యంత్రానికి మనమే చెప్పాలి. బిట్ కింద పలుచటి కాగితం పెట్టి, అది కదలడానికి మొరాయించే దాకా బిట్‌ను కొద్దికొద్దిగా దించి అక్కడ సున్నా పెట్టడం పాత పద్ధతే అయినా ఇప్పటికీ పనికొస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో సున్నాను చెక్క పైతలం మీద అనుకుని, యంత్రం దగ్గర కింది బల్ల మీద పెడితే కోతంతా చెక్క మందం మేర కిందికి దిగి బల్లనే తవ్వుతుంది. జీ-కోడ్‌లో జీ21 అంటే మిల్లీమీటర్లు, జీ20 అంటే అంగుళాలు. ఆ ఒక్క అంకె తారుమారైతే కొలతలు 25.4 రెట్లు మారిపోతాయి. యంత్రం దృష్టిలో ఇవేవీ తప్పులు కావు. చెప్పింది చెప్పినట్టే చేసింది.

రెండోది వేగం. మెల్లగా పోతే క్షేమం అన్న మాట రోడ్డు మీద నిజమే గాని ఇక్కడ కాదు. రెండు అంచులున్న బిట్ నిమిషానికి 10,000 చుట్లు తిరుగుతూ నిమిషానికి 1,000 మిల్లీమీటర్లు ముందుకు నడిస్తే, ఒక్కో అంచు 0.05 మిల్లీమీటర్ల పొరను కోస్తుంది. భయపడి ముందుకు నడిచే వేగాన్ని 200కు తగ్గిస్తే ఆ పొర 0.01కి పడిపోతుంది. అప్పుడు అంచు కోయడం మాని రాసుకుంటుంది, వేడెక్కుతుంది, చెక్క మాడి నల్లబడుతుంది, బిట్ మొద్దుబారుతుంది. చట్రం బలహీనమైనదైతే ఒక్కసారికి దిగే లోతును తగ్గించాలి, లేదా ముందుకు నడిచే వేగంతో పాటు బిట్ తిరుగుడును కూడా తగ్గించాలి. చెక్క నారను అతికి చేసే ఎండీఎఫ్ పలక ఎలా కోసినా పొడే ఇస్తుంది. మామూలు చెక్క కోస్తున్నప్పుడు మాత్రం మెత్తటి పొడి బదులు పొట్టు రాలుతోందంటే లెక్క కుదిరినట్టే. ఇది వడ్రంగి తన చిత్రిక నుంచి వచ్చే పొరను చూసి తెలుసుకునే జ్ఞానమే. చేతికి తెలిసేదాన్ని ఇక్కడ భాగహారంతో పట్టుకోవాలి, ఆపైన కంటితో, చెవితో సరిచూసుకోవాలి.

దీనికి మొదటి అభ్యంతరం సాఫ్ట్‌వేర్ పేరుతో వస్తుంది. బిట్ రకం, చెక్క పేరు ఎంచుకుంటే వేగాలన్నీ అదే ఇస్తున్నప్పుడు ఈ తంటా ఎందుకంటారు. ఆ పట్టికలు మంచి ఆరంభమే, కాదనలేం. కానీ వాటికి మీ చట్రం ఎంత వంగుతుందో తెలియదు, మీ పలకలో ముడి ఎక్కడుందో తెలియదు, క్లాంప్ ఎంత బిగించారో, బిట్ కదిలే దారిలో దాన్ని ఉంచారో లేదో అసలే తెలియదు. మిల్లీమీటరుకు 800 సూక్ష్మ అడుగులన్న కాగితం మీది కచ్చితత్వం బిట్ ఒత్తిడికి చట్రం కాస్త వంగగానే కరిగిపోతుంది. త్రీడీ ప్రింటర్ కూడా జీ-కోడ్‌తోనే నడుస్తుంది, దానికింత చదువు అక్కర్లేదు కదా అని మరికొందరంటారు. ప్రింటర్ ఒకే మందంలో తీసిన ప్లాస్టిక్ తీగను కరిగించి పరుస్తుంది, దాని ముక్కుకు ఎదురొచ్చే బలం దాదాపు లేదు. రౌటర్ పలకకో రకంగా నార తిరిగిన చెక్కతో తలపడుతుంది. భాష ఒకటే అయినా ఎదురయ్యే పదార్థం వేరు.

ఇక, ఈ యంత్రం చేతిపనివాళ్ల పొట్ట కొడుతుందన్న ఆందోళన ఉంది. ఒకే నమూనాను వంద పలకల మీద కోసే పనిలో అది నిజం, దాన్ని దాచి లాభం లేదు. కానీ ఆ యంత్రం హద్దులు దాని నిర్మాణంలోనే ఉన్నాయి. గుండ్రటి బిట్ లోపలి మూలను చదరంగా కోయలేదు. 3 మిల్లీమీటర్ల బిట్ ప్రతి లోపలి మూలలోనూ 1.5 మిల్లీమీటర్ల వంపు మిగులుస్తుంది, దాన్ని ఉలితోనే తీయాలి. మూడు దిక్కుల యంత్రం పైనుంచి చేరగలిగిన చోటునే కోస్తుంది, అంచు చాటున ఉన్న లోతును చేరలేదు. తెల్లపొణికి చెక్కలో భాగాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి నిండు బొమ్మ చేసే కొండపల్లి పనివాడికి ఈ యంత్రం పోటీ కాలేదు. చెక్క గురించి అతనికున్న తెలివి యంత్రం నడిపేవాడికీ కావాల్సిందే.

కాబట్టి ఈ యంత్రం కొనాలనుకునేవారు ఖర్చును, క్రమాన్ని ముందే మనసులో పెట్టుకోవాలి. డబ్బులో కొంత మంచి బిట్లకు, కళ్లద్దాలకు, పొడిని లాగే వాక్యూమ్‌కు కేటాయించాలి. చెక్క పొడిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. మొదటి పనిగా గుడి గోపురం ఎంచుకోకుండా ఒక చదరం, ఒక వృత్తం కోసి కొలిచి చూడండి. ప్రతి కొత్త ఫైలునూ ముందు బిట్‌ను చెక్కకు పైన గాలిలో ఉంచి నడిపించండి. యంత్రం కోస్తున్నంతసేపూ ఆపే బటన్ మీకు అందేంత దూరంలోనే ఉండండి. ఏ అంకె ఎందుకు పెట్టామో చెప్పగలిగిన రోజున ఈ పని వచ్చినట్టు, అంతవరకూ యంత్రం కొన్నట్టు మాత్రమే.