వంగే బాణమే సూటిగా పోతుంది

1991లో ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దున ఆల్ప్స్ పర్వతాల మంచులో ఒక మనిషి శవం బయటపడింది. అతడు చనిపోయి సుమారు 5,300 ఏళ్ళయింది! అతని అమ్ములపొదిలో 14 బాణాలున్నాయి. రెండే పూర్తయినవి. మిగిలిన 12 ఉత్త కాడలే. విల్లు కూడా సగం చెక్కినదే. 2001లో ఎక్స్-రే తీస్తే అతని ఎడమ భుజంలో చెకుముకిరాతి బాణపు మొన కనిపించింది. తన బాణాలు సిద్ధం కాకముందే మరొకరి బాణం అతన్ని తాకిందన్నమాట.

బాణపు కాడకు ఏ కర్ర పడితే ఆ కర్ర పనికిరాదు. ఎందుకో చూద్దాం.

నారి వదలగానే బాణం వెనుక కొనపై ఒక్కసారిగా బలం పడుతుంది. ముందున్న బరువైన మొన జడత్వం వల్ల వెంటనే వేగం అందుకోదు. అందుచేత మధ్యలో కాడ వంగుతుంది. అలా అటూ ఇటూ వంగుతూనే విల్లుకర్రను తప్పించుకొని, క్రమంగా నిలదొక్కుకొని గురివైపు సాగుతుంది. కాడ మరీ బిరుసైతే ఒక పక్కకు, మరీ మెత్తనైతే మరో పక్కకు పోతుంది. అంటే కాడ వంగాలి, వెంటనే తిరిగి నిటారు కావాలి. దీన్నే స్థితిస్థాపకత అంటాం.

ఇలాంటి కర్రను చలిదేశాలవారు తమ అడవుల్లోనే వెతుక్కున్నారు. ఆల్ప్స్ మనిషి వైబర్నమ్ అనే పొద నుంచి తిన్నని రెమ్మలు కోసుకున్నాడు. జర్మనీలో హాంబుర్గ్ దగ్గర స్టెల్మోర్‌లో పది వేల ఏళ్ళకు పైబడిన పైన్ బాణాలు దొరికాయి. చలి ప్రాంతంలో పైన్ నెమ్మదిగా పెరుగుతుంది. వార్షిక వలయాలు దగ్గరదగ్గరగా ఏర్పడి కర్ర గట్టిపడుతుంది. 1545లో మునిగిన ఇంగ్లండు యుద్ధనౌక మేరీ రోజ్‌లో దొరికిన వేలాది బాణాల్లో తేలికైన పోప్లర్ కాడలే ఎక్కువ.

కర్రను రంపంతో కోస్తే పోగులు అడ్డంగా తెగవచ్చు. అక్కడే కాడ విరుగుతుంది. పోగుల వెంబడి చీలిస్తే ఆ భయం తక్కువ.

మీరూ పరీక్షించవచ్చు. ఒకే మందం గల రెండు మూడు రకాల సన్నని కర్రలు తీసుకోండి. 66 సెంటీమీటర్ల ఎడంలో రెండు ఇటుకలు నిలబెట్టి, వాటిపై ఒక్కొక్క కర్రనే ఉంచి, నడిమిన 900 గ్రాముల బరువు వేలాడదీయండి. ఎంత కుంగిందో స్కేలుతో కొలవండి. నేటి విలుకాళ్ళూ కాడలను ఇలాగే ఎంచుతారు. ఆల్ప్స్ మనిషి దగ్గర స్కేలు లేదు. అతనికి తన చేతులే కొలబద్దలు!